గోస్తనీ వెంబడి, చేతక్ మీద

మొన్న ఒక సాయంత్రం కూరగాయలకని బయటికి వెళ్ళాను. వీధి మలుపులో మెకానిక్ కుర్రాడు పాత స్కూటర్ ఒకటి విప్పి బిగించి, కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. చివరికి అందుకుంది. నీలంగా పొగ లేచింది. పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిసి కాలిన ఆ వాసన తగలగానే నడక ఆపేశాను. అది మన వీధుల్లోంచి ఎప్పుడు మాయమైందో గమనించనే లేదు. నా మట్టుకు అది పెళ్ళయిన కొత్తల వాసన. మా ఆయన చొక్కా వీపు, భీమిలి దారిలో సముద్రపు గాలి, అనంతగిరి చలి అన్నీ అందులో ఉన్నాయి.

ఇంటికొచ్చి చెప్తే ఆయన వెంటనే "చేతకేనా?" అన్నారు. అప్పటి మా బజాజ్ స్కూటరు పేరది. ఇక ఆ రాత్రి భోజనాల దాకా మా ఇద్దరికీ అదే కబురు. అందులో కొంతయినా రాసి పెట్టుకోవాలనిపించింది.

* * *

మాది కోనసీమ. ఇంటి ముందు కాలవ, పెరట్లో కొబ్బరిచెట్లు, చెట్ల అవతల మళ్ళీ కాలవ. నేను కొండని దగ్గర్నుంచి చూసింది పెళ్ళయి విశాఖపట్నం వచ్చాకే. ఆయనది పద్మనాభం దగ్గర గోస్తనీ ఒడ్డున చిన్న పల్లె. పోర్టులో గుమస్తా ఉద్యోగం. పెద్దలు కుదిర్చిన పెళ్ళి కాబట్టి మొదట్లో మా మధ్య మాటలు తక్కువ. "కాఫీలో పంచదార సరిపోయిందా అండీ?" "ఆఁ, సరిపోయింది." ఆ తర్వాత ఆయన పేపరు, నా వంటిల్లు.

మొదటిసారి అత్తవారి ఊరు వెళ్ళింది ఎండాకాలంలో. నది చూపిస్తానని తీసుకెళ్ళారు. ఒడ్డు మీంచి చూస్తే ఇసుక తప్ప ఏమీ లేదు. గోదావరి చూసి పెరిగినదాన్ని కదా, "నీళ్ళేవండీ?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చెప్పులు విడిచి, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టారు. మోచేతి లోతు వెళ్ళేసరికి ఇసుక తడిసింది. ఇంకాస్త తవ్వితే అడుగున నీరు ఊరింది. మొదట ఎర్రగా, బురదగా ఉంది. దాన్ని రెండుసార్లు తోడి పారబోసి, మళ్ళీ ఊరనిచ్చారు. మూడోసారి ఊరిన నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటే కదలడం కనిపించింది. దోసిలి పట్టమన్నారు. ఆ నీళ్ళ తియ్యదనం నాకిప్పటికీ గుర్తే.

"కింద నడుస్తూనే ఉంటుంది," అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నాతో నిజంగా ఒక విషయం చెప్పినట్టు అనిపించింది ఆ రోజే.

నది ఎక్కడ పుట్టిందో ఆయన కూడా చూడలేదట. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథ మాత్రం తెలుసు. బొర్రా కొండ మీద మేస్తున్న ఆవు ఒకటి పైకప్పు కన్నంలోంచి గుహలోకి పడిపోయిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవు క్షేమంగా దొరకడమే కాక శివలింగం కూడా కనిపించిందనీ, ఆ ఆవు పాలే ఏరై పారాయనీ. "చలికాలం రానీ. సముద్రంలో కలిసే చోటునుంచి మొదలుపెట్టి, పుట్టిన చోటుదాకా వెళ్దాం," అన్నారు. మామూలుగా మాట అనేసి మరిచిపోయే మనిషి కాదు.

* * *

కార్తీకం వెళ్ళాక బయల్దేరాం. ముందురోజు మధ్యాహ్నమంతా ఆయన వాకిట్లో బండి ముందే కూర్చున్నారు. ప్లగ్గు విప్పి, మసి గీకి, గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించారు. క్లచ్చి వైరు ఒకటి, కొత్త ప్లగ్గు ఒకటి, ప్లగ్గు పానా, గుడ్డముక్కలు డిక్కీలో సర్దారు. స్టెప్నీలో గాలి కొట్టించుకొచ్చారు. నేను పులిహోర చేసి, చపాతీలు చుట్టి పెట్టాను. రెండు చీరలు, ఒక శాలువా, ఆయన స్వెట్టరు. సంచీని స్టెప్నీకి తాడుతో కట్టేసరికి బండి సగం నిండిపోయింది.

అప్పట్లో బీచ్ రోడ్డు ఇప్పుడున్నంత వెడల్పు కాదు. కైలాసగిరి దాటితే ఊరు అయిపోయినట్టే. ఒక పక్క సరుగుడు తోటలు, జీడిమామిడి చెట్లు. ఇంకో పక్క సముద్రం. సరుగుడు తోటలోంచి గాలి వీచే చప్పుడు సముద్రపు హోరులో కలిసిపోయి, ఏది ఎక్కడిదో తెలిసేది కాదు. రుషికొండ దగ్గర రోడ్డు ఎత్తెక్కి మళ్ళీ దిగేది. జాలరి పల్లెలు వచ్చినప్పుడల్లా రోడ్డు వారనే ఎండుచేపలు ఆరబెట్టి ఉండేవి. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే ఆయన బండి స్పీడు పెంచేవారు.

మంగమారిపేట దగ్గర ఆపి తొట్లకొండ ఎక్కాం. రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ విహారం. నౌకాదళం వాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడిందంటారు. 1988 నుంచి 1992 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. మేం వెళ్ళేసరికి గోడల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, వరసగా భిక్షువుల గదుల అడుగులు అన్నీ కొత్తగా వెలుగు చూసి ఉన్నాయి. మనుషులు లేరు. ఆ గదుల్లో ఒకదాని గడప మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఎదురుగా సముద్రం తప్ప ఇంకేమీ లేదు. ఇంత చోటు ఎంచుకున్నవాళ్ళకి రోజూ పొద్దున్న లేవగానే ఇదే కనిపించేది కదా అని ఆయన అన్నారు. ఆయన ఇలాంటివి ఆలోచిస్తారని నాకు అంతవరకూ తెలియదు.

ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. అప్పటికి కంచె లేదు, బోర్డు లేదు. వేల ఏళ్ళపాటు సముద్రం వెనక్కీ ముందుకీ జరిగినప్పుడు గాలి తెచ్చి పోసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వాన నీళ్ళు దాన్ని కోసి లోయలు చేశాయి. మనిషి కన్నా రెండింతలు ఎత్తున్న ఎర్ర గోడల మధ్య నడుస్తుంటే సముద్రం చప్పుడు హఠాత్తుగా ఆగిపోతుంది. మలుపు తిరగ్గానే మళ్ళీ వినిపిస్తుంది. ఆ రోజు నేను తెల్ల వాయిల్ చీర కట్టుకున్నాను. అంచుకి అంటిన ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. ఆ చీర ఇంకా నా దగ్గరే ఉంది. 2014లో జియలాజికల్ సర్వే వాళ్ళు ఆ దిబ్బల్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారని పేపర్లో చదివినప్పుడు బీరువా తీసి ఆ అంచు చూసుకున్నాను. ఇలాంటి చోటు మన దేశంలో ఇక్కడ కాక మళ్ళీ తమిళనాడు తీరంలో ఉందట. వాటి పక్కన మట్టి తవ్వేస్తున్నారన్న వార్త చూసినప్పుడల్లా ఒంట్లో ఏదో కలుక్కుమంటుంది.

* * *

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట చాలాసేపు ఉన్నాం. చలికాలం కాబట్టి నది నెమ్మదిగా ఉంది. అలలు తోసిన ఇసుక మేట అడ్డం పడి, దాని పక్కనుంచి సన్నటి పాయ ఒకటి సముద్రంలోకి జారుతోంది. ఆటు వచ్చినప్పుడు నది ముందుకి, పోటు వచ్చినప్పుడు సముద్రం లోపలికి. ఆయన పంట్లాం మడిచి ఆ పాయలో నిలబడి, వంగి నీళ్ళు నోట్లో పోసుకున్నారు. "ఉప్పగా ఉన్నాయి. మనం వెనక్కి వెళ్ళేకొద్దీ తియ్యబడతాయి చూడు," అన్నారు.

ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. రెండు తాళ్ళకీ వరసగా మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. ఒకాయన పాట అందుకుంటే మిగతావాళ్ళు ఒకే ఊపున వెనక్కి అడుగు వేస్తున్నారు. వల ఒడ్డుకి చేరేసరికి గంట పట్టింది. మేం ఇద్దరం ఆ గంటా నిలబడే ఉన్నాం.

డచ్చివాళ్ళ సమాధులు కూడా చూశాం. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చినవాళ్ళు. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు మాకు చదవడం రాలేదు. అంతంత దూరం నుంచి ఓడల్లో వచ్చి ఈ చిన్న ఊళ్ళో మట్టిలో కలిసిపోయారు పాపం అనుకున్నాను. 1861 నాటికే ఈ ఊరికి మునిసిపాలిటీ ఉండేదంటే అప్పట్లో దీని వైభవం ఎంతో ఊహించుకోవచ్చు. మేం చూసిన నాటికి మాత్రం లైట్‌హౌస్, గడియారస్తంభం, నిద్రమత్తుగా ఉన్న వీధులు. నాకు ఆ నిద్రమత్తే నచ్చింది.

తగరపువలస దగ్గర హైవే దాటుతుంటే చిట్టివలస జూట్ మిల్లు సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ. సైకిళ్ళు ఒక్కసారిగా రోడ్డు నిండిపోయాయి. బండి పక్కకి ఆపుకుని నిలబడ్డాం. చిన్నప్పుడు ఆ సైరన్ వినే వాళ్ళూళ్ళో కొందరు అన్నాలకి లేచేవాళ్ళని ఆయన చెప్పారు. ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. అటు వెళ్ళిన ప్రతిసారీ ఆ సైకిళ్ళు గుర్తొస్తాయి.

* * *

ఆ రాత్రి అత్తవారింట్లో పడుకున్నాం. నాయనమ్మకి అప్పటికే చూపు ఆనదు. నా చేతులు తడిమి చూసి, "ఏటమ్మా, ఆడు నిన్ను బండి మీద కొండలెక్కించెత్తాడట? చలేస్తాది తల్లీ, నా దుప్పటొట్టుకెళ్ళు," అంది. ముతక నేత దుప్పటి. వద్దంటే ఊరుకోలేదు. తర్వాత అరకులో ఆ దుప్పటే మమ్మల్ని కాపాడింది.

పొద్దున్నే పద్మనాభం కొండ కింద నుంచి వెళ్ళాం. వెయ్యికి పైగా మెట్లున్న కొండ. పైన అనంత పద్మనాభుడు, కింద కుంతీమాధవుడు. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది ఇక్కడే. యుద్ధం జరిగిన నేల అంటే ఏవో గుర్తులు ఉంటాయనుకున్నాను. కోతలైపోయిన వరిచేలు, కుప్పలు వేస్తున్న జనం, అంతే. ఆయన మాత్రం బండి ఆపి, చెయ్యెత్తి దణ్ణం పెట్టారు. వాళ్ళ ఊళ్ళో పెద్దలంతా అలా పెడతారట.

అక్కణ్ణుంచి జామి మీదుగా, నది ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క కనిపిస్తూ మాయమవుతూ. తాటిపూడి రిజర్వాయరు గట్టు ఎక్కేసరికి మధ్యాహ్నం. ఇసుకలో తవ్వుకుని తాగిన నది ఇదేనా అన్నంత నీళ్ళు. మూడు వైపులా కొండలు, వాటి నీడలు నీళ్ళలో. 1960ల్లో గోస్తనీకి అడ్డంగా కట్టిన ఆనకట్ట ఇది. "విశాఖలో మన కుళాయిలకి నీళ్ళు వచ్చే చోట్లలో ఇదొకటి," అన్నారు ఆయన. నేను రోజూ తెల్లవారుజామున లేచి బిందెల వరసలో పట్టుకునే నీళ్ళు! ఆ మాటతో నాకు ఆ నది మీద చుట్టరికం కలిసింది. ఇప్పటికీ కుళాయి తిప్పితే కొండలు గుర్తొస్తాయి నాకు.

* * *

శృంగవరపుకోటలో టీ తాగుతుంటే కొట్టాయన మా బండిని, సంచీని, నన్ను చూసి, "ఏటి బాబూ, దీని మీదే ఎక్కెత్తారా ఘాటీ?" అన్నాడు. "ఎక్కితే ఎక్కుద్ది గాని, మజ్జి మజ్జిలో ఆపుకుంటా ఎల్లండి. ఏడెక్కిపోద్ది. సీకటడకముందే సుంకరిమెట్ట దాటీయండి."

ఆయన చెప్పినట్టే జరిగింది. బొడ్డవర దాటి మెలికలు మొదలవగానే బండి గొంతు మారిపోయింది. రెండో గేరు, మళ్ళీ మొదటి గేరు. మరీ నిటారుగా ఉన్న మలుపుల్లో నేను దిగి నడిచేదాన్ని. ఆయన మలుపు తిప్పి పైన ఆగేవారు. కింద నుంచి లారీ హారన్ వినిపిస్తే కొండ వారకి జరిగి నిలబడేదాన్ని. ఎదురొచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవర్లు మమ్మల్ని చూసి చెయ్యి ఊపేవారు. మలుపుల్లో లారీల వాళ్ళు చక్రాలకి అడ్డు పెట్టి వదిలేసిన బండరాళ్ళు ఉండేవి. ఆయన ఆపిన చోటల్లా బండి దిగి వాటిని కాలితో పక్కకి తోసేవారు. రాత్రిపూట ఎవరైనా వస్తే పడిపోతారని.

ఇంజన్ చల్లారే దాకా ఆగాల్సి వచ్చేది. ఆ ఆగిన చోట్లే నాకు ఎక్కువ గుర్తు. ఒక మలుపులో బండరాయి మీద కూర్చున్నాం. అటుపక్క కొండకి నడుం మీంచి రైలు దారి. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా, బైలడిల్లా ఇనుప ఖనిజం సముద్రానికి చేర్చడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేసిన లైను. ఒక సొరంగంలోంచి బయటపడి, ఇంకో సొరంగంలోకి దూరుతూ గూడ్సు బండి దిగుతోంది. ఎర్ర దుమ్ము కప్పుకున్న వ్యాగన్లు. ఎంతకీ అయిపోవే! "ఇది రేపు మా పోర్టుకి వస్తుంది. నేనే రిజిస్టర్లో రాస్తాను," అన్నారు. ఆఫీసులో కూర్చుని అంకెలు రాసే మనిషి, ఆ అంకెలు కొండ దిగి రావడం చూస్తున్నారు. ఆ ముఖంలో వెలుగు నేనెన్నడూ చూడలేదు.

ఆ గూడ్సు చప్పుడు పూర్తిగా ఆగిపోయాక, ఎందుకో నాకు ధైర్యం వచ్చింది. "నాకు బీఈడీ చదవాలని ఉందండీ," అన్నాను. పెళ్ళిచూపుల నాటి నుంచీ గొంతులో ఉన్న మాట. ఇంట్లో ఎప్పుడూ నోటిదాకా రాలేదు. ఆయన వెంటనే ఏమీ అనలేదు. బండి దగ్గరికి వెళ్ళి ఇంజన్ మీద వేలు ఆనించి చూశారు. ఇంకా కాలుతోందని తిరిగొచ్చి కూర్చున్నారు. "ఎంట్రెన్సు ఎప్పుడుంటుంది?" అని అడిగారు. అంతే. నేను తర్వాత పాతికేళ్ళపైన టీచరుగా పనిచేశాను. ఎవరైనా "ఎలా చదివారండీ పెళ్ళయ్యాక?" అని అడిగితే నాకు ఆ బండరాయి, దాని మీద పాకిన తీగ కళ్ళముందుకొస్తాయి. ఆ ఇంజన్ వేడెక్కకపోయి ఉంటే ఆ మాట ఎప్పటికి బయటపడేదో!

* * *

అనంతగిరి దగ్గరికి వచ్చేసరికి గాలి మారింది. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, చెట్లకి పాకిన మిరియాల తీగలు. కాఫీ పండ్లు ఎర్రగా గుత్తులు కట్టి ఉన్నాయి. కోస్తున్న ఆడవాళ్ళు నడుముకి బుట్టలు కట్టుకుని, నన్ను చూసి నవ్వుకుని, ఒక గుప్పెడు నా చేతిలో పోశారు. పండు చీకితే పల్చటి తీపి. లోపల రెండు గింజలు జిగురు పట్టి వేళ్ళకి అంటుకున్నాయి. ఫిల్టర్ కాఫీ మొహం చూడనిదే పొద్దు తెల్లవారని నేను, కాఫీ పుట్టుక చూసింది ఆ రోజే.

సుంకరిమెట్ట దాటి లోయ తెరుచుకోగానే వలిసె పూలు. కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంది. సాయంత్రపు ఎండలో ఆ రంగు చూస్తూ ఆయన ఇంజన్ ఆపేసి, పల్లంలో బండిని దానంతట దాన్ని జారనిచ్చారు. చక్రాల చప్పుడు, పూల మీద తేనెటీగల రొద తప్ప ఏమీ వినిపించలేదు.

అరకులో ఆయన స్నేహితుడి బావగారి రైల్వే క్వార్టర్సులో దిగాం. తెలియనివాళ్ళయినా ఆ ఇంటావిడ కుంపటి రాజేసి మా మధ్య పెట్టింది. చేతులు కాచుకుంటూ నాయనమ్మ దుప్పటిలో ఇద్దరం ముడుచుకు కూర్చున్నాం. బయట ఎక్కడో డప్పు, తుడుము మోగుతున్నాయి. "థింసా వేస్తున్నారమ్మా, కొత్త ధాన్యం వచ్చింది కదా," అందావిడ. వెళ్ళి చూశాం. వయసొచ్చిన పిల్లలనుంచి ముసలమ్మలదాకా ఒకరి నడుం ఒకరు వెనకనుంచి పట్టుకుని, నెగడు చుట్టూ తిరుగుతున్నారు. అడుగు ముందుకి, అడుగు వెనక్కి, కాలి అందెలన్నీ ఒక్కసారే పలుకుతూ. ఎవరూ చూడ్డానికి చేస్తున్నది కాదది. ఇప్పుడు రిసార్టుల్లో టూరిస్టుల కోసం వేసే థింసా చూసినప్పుడు ఆ రాత్రి నెగడు వాసన నాకు కావాలనిపిస్తుంది.

తెల్లారి సంత. మంచులోంచి ఒక్కొక్కళ్ళే దిగి వస్తున్నారు. తలల మీద అడ్డాకుల కట్టలు, కావిళ్ళలో పసుపు, అల్లం, రాజ్మా, కొండచీపుర్లు. ముక్కుకి ఇటూ అటూ పుడకలు పెట్టుకున్న ఒక పెద్దావిడ చోడి (రాగి) అంబలి ముంత దించి, ముందు తను నాలుగు గుక్కలు తాగి, అప్పుడు బేరానికి కూర్చుంది. ఆవిడ దగ్గర పసుపుకొమ్ములు కొన్నాను. తూకం లేదు. చేత్తో తీసి ఇచ్చింది, నేను కొసరు అడగకముందే ఇంకో పిడికెడు వేసింది.

* * *

బొర్రా చివరికి మిగుల్చుకున్నాం. అది ఆయన కోరిక.

ఒక మనిషి పెట్రోమాక్స్ లైటు పట్టుకుని ముందు నడిచాడు. గుహ నోరు అంత పెద్దదని నేననుకోలేదు. పైకప్పు కన్నంలోంచి పగటి వెలుగు ఒక స్తంభంగా దిగుతోంది. ఆవు పడిందన్న కన్నం అదేనని చూపించాడు. "ఇదిగో శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ, ఇది రుషి గెడ్డం," అంటూ లైటు ఎత్తి చూపిస్తున్నాడు. ఆయన అవేవీ వినడం లేదు. పైనుంచి వేలాడే ఒక సున్నపురాయి కొన దగ్గర ఆగిపోయారు. దాని చివర నీటిబొట్టు ఒకటి నిండుతోంది. లైటు వెలుగు అందులో తలకిందులుగా కనిపిస్తోంది. అది ఎంతకీ జారదు. మేం చూస్తూనే ఉన్నాం. చివరికి తెగి, కింద ఉన్న రాతి మొలక మీద పడింది. ఆ బొట్టు వదిలివెళ్ళే సున్నంతోనే పైన కొన, కింద మొలక పెరుగుతాయనీ, ఒక్క అంగుళానికి కొన్ని తరాలు గడిచిపోతాయనీ చెప్పారు. ఇంతలో గుహంతా సన్నగా అదిరింది. కొండ మీంచి రైలు వెళ్తోందన్నాడు లైటు మనిషి. బొట్లన్నీ ఒకేసారి రాలాయి.

గుహ కింద గోస్తనీ దగ్గరికి రాళ్ళమీద పట్టుకుని దిగాం. చెప్పులు జారుతున్నాయని చేతిలో పట్టుకున్నాను. నల్లటి రాళ్ళ మధ్య నుంచి గట్టిగా పారుతోంది. ఆయన వంగి దోసిలి పట్టి తాగారు. నాకూ ఇచ్చారు. పళ్ళు జివ్వుమన్నాయి. నాయనమ్మకని ఒక సీసా నింపుకున్నారు. "ఆవిడ ఇక్కడికి రాలేదు కదా," అన్నారు. తిరుగు దారిలో ఊరికి వెళ్ళి ఆ సీసా ఇస్తే ఆవిడ ముందు కళ్ళకి అద్దుకుని, ఆ తర్వాత గుక్కెడు తాగి, మిగిలింది తులసికోటలో పోసింది.

* * *

ఆ తర్వాత అటు చాలాసార్లు వెళ్ళాం. పిల్లలతో కిరండోల్ పాసింజర్లో సొరంగాలు లెక్కపెడుతూ వెళ్ళాం. శిమిలిగుడ స్టేషన్లో దిగి, 996 మీటర్ల పైచిలుకు ఎత్తని రాసిన బోర్డు పక్కన ఫోటో దిగాం. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని అప్పట్లో అదో గొప్ప. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత వెళ్ళినప్పుడు మాత్రం నోట మాట రాలేదు. సిల్వర్ ఓక్ చెట్లు నడుముకి విరిగి పడున్నాయి. నీడ పోయి కాఫీ మొక్కలు ఎండకి నిలబడ్డాయి. ఎన్నో ఏళ్ళు పెంచినవి ఒక్క రోజులో పోయాయి. ఆ తోటలు మళ్ళీ లేచాయి, 2019లో అరకు అరబికా కాఫీకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆ వార్త విన్న రోజు నాకు పండ్లు పోసిన చేతులే గుర్తొచ్చాయి.

ఇప్పుడు మా అమ్మాయి కారులో విశాఖ నుంచి అరకుకి పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే చేరిపోతున్నాం. రోడ్డు బాగుంది, జాతీయ రహదారి అయింది. అద్దాలు ఎత్తి ఏసీ వేస్తుంది. ఎక్కడా ఆగక్కర్లేదు. పెద్దవాళ్ళకీ, ఆసుపత్రికి పరిగెత్తాల్సిన కొండ ఊళ్ళవాళ్ళకీ అది ఎంత మేలో నాకు తెలుసు, సంతోషం కూడా. కానీ భార్యాభర్తలు కొత్తగా వెళ్తుంటే మటుకు నేను చెప్పేది ఒకటే. ఆగుతూ వెళ్ళండి. బొడ్డవర నుంచి అనంతగిరి దాకా ఉన్న ఆ మలుపుల్లో నేను మా ఆయన్ని తెలుసుకున్నంత, ఆ ముందు ఏడాదంతా ఒకే ఇంట్లో ఉండి తెలుసుకోలేదు.

మొన్న రాత్రి ఈ కబుర్లన్నీ అయ్యాక ఆయన లేచి వెళ్ళి పాత మ్యాపు ఒకటి వెతికి తెచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని గోస్తనీ గీత మీద వేలు నడిపించారు. బొర్రా కింద నుంచి తాటిపూడి రిజర్వాయర్లో చేరే దాకా, కొండల మధ్య నది ఒంటరిగా నడిచే ముక్క ఒకటి ఉంది. ఆ ముక్క మేం ఎప్పుడూ చూడలేదు. పక్కన రోడ్డు లేదు. తాటిపూడి అవతలి ఒడ్డు నుంచి కొంతదూరం నడవచ్చని ఆయన లెక్క. మోకాళ్ళ డాక్టరుని అడిగి, కార్తీకం వెళ్ళాక అమ్మాయిని సెలవు పెట్టమన్నాం. తనేమో అప్పుడే ఫోన్లో ఆ ఊళ్ళ పేర్లు వెతకడం మొదలుపెట్టింది.